ఒక పిట్ట, ఒక ఫొటో, ఒక తప్పు

వార్షిక సంచికలో వ్యాసమనగానే మన మిత్రులు సాధారణంగా దేశ సమస్యలను గూర్చో, విద్యావిధానాన్ని గూర్చో, యువతరం బాధ్యతలను గూర్చో వ్రాస్తారు. నేను ఒక పిట్టను గూర్చి వ్రాస్తున్నాను. నవ్వుకునేవారు నవ్వుకోవచ్చు. కాని ఇందులో పిట్టతోపాటు నేను చేసిన ఒక తప్పు కూడా ఉంది. ఆ తప్పు మన కాలేజీ గోడమీద, తెల్లటి అట్టపైన, పెద్ద అక్షరాలతో నాలుగు రోజులు వేలాడింది. చూసి మెచ్చుకున్నవారిలో మీరు కూడా ఉండవచ్చు. కనుక దిద్దుబాటు కూడా మీ అందరి ఎదుటనే జరగడం న్యాయం.

మాది జగిత్యాల జిల్లా కొడిమ్యాల. కొండగట్టు అంజన్న దర్శనానికి వచ్చినవారికి మా దిక్కు గుట్టలు, మామిడి తోటలు తెలిసే ఉంటాయి. మాది వ్యవసాయ కుటుంబం. వరి, మక్క, కొంత పసుపు మా పంటలు. మా పొలంలోని బావి గడ్డన ఒక తాటిచెట్టు ఉంది. బావిలోకి తొంగి చూస్తున్నట్టు కొంచెం వంగి ఉంటుంది. ప్రతి వానకాలం దాని మట్టలకు గిజిగాని గూళ్ళు వేలాడుతాయి. చిన్నప్పటినుంచి చూస్తున్న వస్తువును మనిషి సరిగా చూడడు. నేనూ చూడలేదు. డిగ్రీలో జంతుశాస్త్రం తీసుకున్న తర్వాతనే ఆ చెట్టుకింద నిలబడి తల ఎత్తాను.

పోయిన ఏడు శ్రావణమాసంలో ఇంటికి పోయేటప్పుడు హాస్టల్ మిత్రుని కెమెరా అడిగి తీసుకుపోయాను. సాయంత్రం పూట, పడమటి ఎండకు ఎదురుగా నిలబడి, పద్నాలుగు ఫొటోలు తీశాను. అందులో ఒకటి నాకే నమ్మశక్యం కానంత బాగా వచ్చింది. సగం అల్లిన గూటికి తలక్రిందులుగా వేలాడుతూ, రెక్కలు టపటప కొట్టుకుంటున్న మగపిట్ట! తల పసుపు ముద్దలాగ మెరుస్తున్నది. రొమ్ము మాత్రం నల్లగా ఉంది.

హాస్టల్ గదిలో ఆ ఫొటో చుట్టూ చిన్న సభే జరిగింది. ఒకరు పక్షుల పుస్తకం తెరిచారు. తల పచ్చన, రొమ్ము నల్లన అన్న రెండు గుర్తులు పట్టుకుని పేజీలు తిప్పితే బ్లాక్ బ్రెస్టెడ్ వీవర్ బొమ్మ దొరికింది. తెలుగులో నల్లరొమ్ము గిజిగాడు అని మేమే పేరు పెట్టుకున్నాము. మామూలు గిజిగాడు ఊరూరా ఉంటుంది, ఇది అట్లాంటిది కాదు అన్న ఉత్సాహం మమ్మల్ని ఆవహించింది. పిట్ట పెద్దగా కనిపించాలని చుట్టూ ఉన్న గూడును, మట్టను కత్తిరించి వేశాము. ఆ విధంగా పిట్ట ఒక్కటే మిగిలింది. దసరా సెలవులకు ముందు మన కాలేజీలో జరిగిన ప్రదర్శనలో ఆ ఫొటో "నల్లరొమ్ము గిజిగాడు, కొడిమ్యాల" అన్న పేరుతో గోడకెక్కింది. అధ్యాపకులు భుజం తట్టారు. మిత్రులు సెల్‌ఫోన్లలో ఫొటోకు ఫొటో తీసుకున్నారు.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఆనాడు నా మనసులో ఏ మూలనో సందేహం ఉండింది. కాని "మామూలు గిజిగాడు" అని వ్రాస్తే ఎవరు ఆగి చూస్తారు? అరుదైన పేరు మీద ఆశ నా కన్నులకు గంతలు కట్టింది. తప్పు కెమెరాది కాదు, పుస్తకానిదీ కాదు, ముమ్మాటికీ నాది.

దీపావళికి ఇంటికి పోయాను. వరి గొలకలు వంగి ఉన్నవి. మా బాపు గట్టుమీద నిలబడి పాత రేకుడబ్బా వాయిస్తున్నడు. గుంపులు గుంపులుగా గోధుమరంగు పిట్టలు లేచి, గాలిలో ఒక చుట్టు తిరిగి, మళ్ళీ ఇంకో మడిలో వాలుతున్నవి.

"ఈ పిచ్చుకలు గింజ మిగలనిచ్చేటట్టు లేవు" అన్నడు బాపు.

గట్టుమీద కూర్చున్న బాపమ్మ అందుకున్నది. "పిచ్చుకలేందిరా? గవి గిజిగాళ్ళు. మన తాటిచెట్టువే."

నేను నవ్విన. సెల్‌ఫోన్ తీసి నా ఫొటో చూపించిన. "గిజిగాడంటే ఇట్ల పచ్చగుంటది బాపమ్మా. ఇది అందులో కూడా వేరే రకం. నల్లరొమ్ముది."

బాపమ్మ ఫోన్‌ను కండ్ల దగ్గర పెట్టుకొని, దూరం పెట్టుకొని చూసింది. "గూడు ఏది బిడ్డా?"

"గూడు తీసేసినం. పిట్ట మంచిగ కనబడాలని."

"గూడు తీసేస్తే పిట్ట పేరు ఎట్ల చెప్తరు?" అన్నది. తర్వాత పొలం దిక్కు చూపించి, "పెండ్లికి పసుపు బట్టలు కడుతది. పెండ్లయినంక ఇడుస్తది. గంతే. రెండూ ఒక్కటే" అన్నది.

మూడేండ్లు జంతుశాస్త్రం చదువుతున్న నాకు, అక్షరం ముక్క రాని మా బాపమ్మ రెండు మాటలలో రెండు పాఠాలు చెప్పింది. ఆ రాత్రి పద్నాలుగు ఫొటోలను మళ్ళీ తెరిచి వరుసగా చూశాను. తొమ్మిదవ ఫొటోలో పిట్ట కొంచెం పక్కకు తిరిగింది. ఎండ నేరుగా రొమ్ము మీద పడింది. ఆ రొమ్ము పసుపు రంగులో ఉంది! నలుపంతా ఎదురెండకు పడిన నీడే. అదే చెట్టు, అదే గూడు, అదే పిట్ట.

పాఠకులలో ఆసక్తి గలవారికోసం అసలు గుర్తులు చెబుతాను. మామూలు గిజిగాడు, అనగా బయా వీవర్, మగది జత కట్టే కాలంలో నెత్తిన, రొమ్మున పసుపుతో ఉంటుంది. చెంపలు, గొంతు ముదురు గోధుమరంగు, ముసుగు వేసినట్టు. ముక్కు నల్లబడుతుంది. రొమ్ము మీద గీతలుండవు. స్ట్రీక్డ్ వీవర్ అనే చారల గిజిగానికి కూడా నెత్తి పసుపే. కాని రొమ్మంతా నల్లటి గీతలు స్పష్టంగా ఉంటాయి. అది నీటిలో పెరిగే జమ్ములో, రెల్లులో గూడు కడుతుంది. నల్లరొమ్ము గిజిగానికి పసుపు నెత్తి కింద రొమ్మును అడ్డంగా చుట్టిన నల్లపట్టీ ఉంటుంది. దాని ప్రధాన నివాసం ఉత్తరాది నదీ మైదానాలలోని ఎత్తయిన గడ్డి. బావి మీద తాటిమట్టకు వేలాడే గూడు, దాని కింద పొడవాటి గొట్టం వంటి దారి ఉన్నదంటే మామూలు గిజిగానివైపే వేలు చూపుతున్నట్టు. అంటే మేము కత్తిరించి పారేసిన ముక్కలోనే జవాబు ఉండింది.

ఇక బాపమ్మ చెప్పిన "పసుపు బట్టల" సంగతి. ఈక అనేది మన గోరువంటిది, ప్రాణం లేనిది. దానికి రంగు మార్చుకునే శక్తి లేదు. పాత ఈక రాలి కొత్త ఈక మొలిస్తేనే వేషం మారుతుంది. పగటి పొడవు పెరిగేకొద్దీ పిట్ట శరీరంలో హార్మోనులు మేల్కొంటాయి. మగదానికి పసుపు ఈకలు వస్తాయి, ముక్కు నల్లబడుతుంది. వానలు పడి గడ్డి ఎదిగే వేళకు పెండ్లికొడుకు సిద్ధం! పచ్చి గడ్డిని, వరి ఆకును, తాటాకును సన్నగా చీల్చి, వందలసార్లు తిరిగి తెచ్చి, గూడు సగం అల్లుతాడు. ఆ దశలో గూడు టోపీవలె ఉంటుంది. ఆడపిట్ట వచ్చి తనిఖీ చేస్తుంది. నచ్చితే కాపురం. నచ్చకపోతే అంత శ్రమా వృథా. ఒకామె కుదిరిన తర్వాత గూడు పూర్తిచేసి, గొట్టం దించి, ఈ మహానుభావుడు పక్కన ఇంకొక గూడు మొదలుపెడతాడు. గుడ్లు పొదిగే బాధ్యత మొత్తం ఆడదానిదే. జాషువా మహాకవి ఖండకావ్యంలో స్థానమిచ్చిన ఈ నేతగాని గృహస్థ జీవితం అంత ఆదర్శప్రాయం కాదన్నమాట!

కాలం ముగిసిన తర్వాత ఆ పసుపు ఈకలు రాలిపోతాయి. అప్పుడు మగ, ఆడ, పిల్ల అన్నీ ఆడపిచ్చుకవలె గోధుమరంగులో, కంటిపైన లేతరంగు గీతతో ఉంటాయి. ఆ కాలంలో ఒకే ఫొటో చూసి ఏ గిజిగాడో చెప్పడం ఆరితేరినవారికి కూడా కష్టం. మన పెరటి తేనెపిట్ట సంగతి కూడా ఇంతే. జత కట్టే కాలంలో మగది నీలం, ఊదా మెరుపుల నలుపు. ఆ తర్వాత పచ్చటి బూడిదరంగు, గొంతునుండి పొట్టదాకా ఒక నల్లగీత. రెండూ వేర్వేరు పిట్టలని వాదించినవారిని నేను ఎరుగుదును. మనలో కూడా హాస్టల్లో ప్యాంటు, ఇంటికి పోతే లుంగీ కట్టేవారు లేరా? ఒక్క ఫొటో చూసి మనిషిని గూర్చి తీర్పు చెప్పగలమా?

ఒకనాడు పిట్ట పేరు తెలియాలంటే దాన్ని చంపవలసి వచ్చేది. 1896లో పుట్టిన సలీం అలీ బాల్యంలో ఎయిర్‌గన్‌తో ఒక పిచ్చుకను కొట్టాడు. దాని గొంతున పసుపు మచ్చ ఉండడం చూసి, అదేమి పిట్టో తెలుసుకోవడానికి బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ కార్యదర్శి మిల్లార్డ్ వద్దకు వెళ్ళాడు. ఆ పసుపు మచ్చే ఆయన జీవిత మార్గాన్ని నిర్ణయించింది. 1930లో బొంబాయి సమీపంలోని కిహిమ్ అనే ఊరిలో ఇంటి దగ్గరి చెట్టు మీద గిజిగాళ్ళను నెలల తరబడి గమనించి, వాటి సంసారం అసలు గుట్టు బయటపెట్టినవాడు కూడా ఆయనే. ఆ తర్వాత 1931–32లో నిజాం సంస్థానంలో పక్షుల సర్వే చేశాడు. మన కరీంనగర్ జిల్లా ఆనాడు ఆ సంస్థానంలోనిదే. ఆ రోజులలో సేకరించిన ప్రతి పిట్ట కాలికి ఒక చీటీ కట్టేవారు. ఎక్కడ దొరికింది, ఏ తేదీన, మగదా ఆడదా, సేకరించింది ఎవరు అని. చీటీ లేని పిట్ట మ్యూజియంలో ఉన్నా శాస్త్రానికి పనికిరాదు.

నేడు తుపాకీ పోయి కెమెరా వచ్చింది. ఇది ఎంతో సంతోషించదగిన మార్పు. పిట్ట బ్రతుకుతుంది, మనకు సాక్ష్యం దొరుకుతుంది. కాని చీటీ ఏది? ఆ చీటీని మనం చించి పారేస్తున్నాము. వాట్సాప్‌లో మామూలుగా ఫొటో పంపగానే దానిలో దాగి ఉన్న తేదీ, చోటు వివరాలు రాలిపోతాయి. అందమైన భాగం ఉంచి మిగతాది కత్తిరిస్తాము. పది చేతులు మారిన తర్వాత అది ఎక్కడి పిట్టో, ఏ నెలలోదో ఎవరికీ తెలియదు. "సెల్‌ఫోన్ యాప్ ఉంది కదా, అదే పేరు చెబుతుంది" అంటారు మిత్రులు. నిజమే, నేనూ వాడుతున్నాను. అయితే మెర్లిన్ అనే యాప్‌కు ఫొటో ఇచ్చి చూడండి. పేరు చెప్పేముందు అది కూడా ఎక్కడ చూశావు, ఏ రోజు చూశావు అని అడుగుతుంది. మా బాపమ్మ గూడు ఏదని అడిగినట్టే! యంత్రం అడిగే ప్రశ్నను కూడా మనం అడగకపోతే చదువుకున్నవారమని ఎట్లా చెప్పుకుంటాము?

"ఒక పిట్ట పేరు తప్పితే ఏమి మునిగిపోతుంది?" అని అడగవచ్చు. రెండు సమాధానాలు చెబుతాను.

మొదటిది శాస్త్రానికి సంబంధించినది. 1869లో హ్యూమ్ అనే ఆంగ్లేయుడు కుమావూఁ కొండల అడుగునున్న కాలాఢుంగీ పిట్టల ఆధారంగా ఒక పెద్ద పసుపు గిజిగాన్ని లోకానికి పరిచయం చేశాడు. ఫిన్స్ వీవర్ అంటారు. ఈనాడు అది హిమాలయాల దిగువ గడ్డి మైదానాలలో బహు కొద్ది సంఖ్యలో మిగిలి, అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో చేరింది. అటువంటి పిట్టను లెక్కించేటప్పుడు నావంటివాడు ఎదురెండలో తీసిన మామూలు గిజిగాన్ని అరుదైనదని వ్రాస్తే, లేని పిట్ట ఉన్నట్టు లెక్క తేలుతుంది. ఉన్నదనుకున్నదాన్ని ఎవరు కాపాడుతారు?

రెండవది మా ఇంటికి సంబంధించినది. మా బాపు ఆ తాటిచెట్టును కొట్టేద్దామని రెండేండ్లుగా అనుకుంటున్నడు. ట్రాక్టర్ తిరగడానికి అడ్డం వస్తున్నది. వానకాలంలో గూళ్ళు చూసి "పాపం, గిజిగాళ్ళు" అని ఆగిపోయేవాడు. కార్తీకంలో రేకుడబ్బా వాయిస్తూ "ఈ పిచ్చుకలు" అని తిట్టేవాడు. రెండూ ఒకటేనని బాపమ్మ చెప్పిన రోజు ఆయన మొగం చూడాలి.

"అయితే పంట తినేటోళ్ళకు నేనే ఇల్లు కట్టిచ్చి సాదుకుంటున్ననా?" అన్నడు.

నా గుండె గుభేలుమన్నది. పేరు సరిదిద్దుకుంటే పిట్టకు మేలు జరుగుతుందనుకున్నాను. ముందు కీడే వచ్చిపడింది. అయినా నిజం నిజమే. ఆ పిట్ట గింజ తినదని మా బాపుకు నేను అబద్ధం చెప్పలేదు, చెప్పినా నమ్మడు. ఉన్నది ఉన్నట్టు చెప్పిన. "తింటది బాపూ. కాని గూట్లె పిల్లలున్నప్పుడు అవి పిల్లలకు మిడతలను, పురుగులను తెచ్చి పెడతయి. మనం మందు కొట్టేది కూడా గా పురుగులకే కదా" అన్న. ఎన్ని పురుగులు, ఎంత గింజ అని బాపు తిరిగి అడిగిండు. ఆ లెక్క నా దగ్గర లేదు. రైతు అడిగే ప్రశ్న అదే, సైన్సు విద్యార్థి చేయవలసిన పని కూడా అదే. వచ్చే వానకాలం ఆ చెట్టుకింద నోటుబుక్కుతో కూర్చుని, ఒక్కొక్క గూటికి గంటకు ఎన్నిసార్లు మేత వస్తున్నదో లెక్క వ్రాస్తానని మాట ఇచ్చిన. "లెక్క చూపెట్టేదాకా చెట్టు ఉంటది" అన్నడు బాపు. ఈ వ్యాసం వ్రాస్తున్న నాటికి చెట్టు ఉంది. తర్వాతి సంగతి నా నోటుబుక్కు మీద ఆధారపడి ఉంది.

ఊరికి తిరిగి వచ్చాక మా అధ్యాపకులొకరికి జరిగినదంతా చెప్పి, ఫొటో కింది పేరు తప్పని ఒప్పుకున్నాను. కోప్పడతారనుకున్నాను. "నాకు మాత్రం అనుమానం రాకపోవడం నా తప్పు కాదా?" అని నవ్వి, "సంచికలో వ్రాయి, నలుగురికి ఉపయోగపడుతుంది" అన్నారు. అందుకే ఈ సాహసం.

చివరగా విద్యార్థి మిత్రులకు నా మనవి. మనలో సగంమందికి పైగా పల్లెలనుండి వచ్చినవారమే. మన ఇండ్లలో పిట్టలను, చెట్లను, పురుగులను మన పుస్తకాలకంటే ముందుగా ఎరిగినవారు ఉన్నారు. వారికి లాటిన్ పేర్లు తెలియవు. కాని ఏ నెలలో ఏది ఎక్కడ ఉంటుందో, ఏమి చేస్తుందో తెలుసు. వారు చెప్పే ప్రతి మాటా నిజమని నేను అనను. గిజిగాడు గూటిలో మట్టి పెట్టి మిణుగురులను దీపాలుగా అంటిస్తుందని బాపమ్మ చెబుతుంది. మట్టి పెట్టేది నిజం, దీపాల మాట నిలవలేదు. విని, పరీక్షించి, నిలిచినదాన్ని తీసుకుందాము. మన విభాగంలో ఒక రిజిస్టరు పెట్టమని కోరుతున్నాను. ఏ పిట్ట, ఎక్కడ, ఏ తేదీ, ఏమి చేస్తున్నది, చూసినవారెవరు అన్న ఐదు గళ్ళు చాలు. ఫొటో ఉంటే కత్తిరించకుండా మొత్తం ఉంచాలి. గూటికి దగ్గరగా పోయి, పిల్లలున్న తల్లిని బెదరగొట్టి తీసిన ఫొటో ఎంత బాగున్నా గోడకెక్కించరాదు. మరొక గడి కూడా కావాలి, "చెప్పలేను" అని వ్రాయడానికి. గోధుమరంగు వేషంలో ఉన్న గిజిగాన్ని చూసి "చెప్పలేను" అని ధైర్యంగా వ్రాసినవానికి అరుదైన పేరు వ్రాసినవానికంటే ఎక్కువ మార్కులు వేయాలని నా అభిప్రాయం.

ప్రదర్శనలో ఆ ఫొటోకు ఫొటో తీసుకున్న మిత్రులకు ఒక మాట. దయచేసి దాని కింద ఇట్లా మార్చుకొనండి: మామూలు గిజిగాడు, మగది, జత కట్టే కాలం, శ్రావణమాసపు సాయంత్రం, కొడిమ్యాలలో ఒక బావి గడ్డన, తాటిమట్టకు సగం అల్లిన గూటి దగ్గర, ఎదురెండలో తీసినది. పేరు మామూలుదే. కాని ఈసారి చీటీ పూర్తిగా ఉంది.